చెవిటి రాయమల్లు చెవులు

రాయమల్లు చెవిటివాడు కాడు. వినబడదని అతని నోటితోనే అనిపించారు.

అప్పుడతను బొగ్గుబాయి లోపల, గని అడుగున, హాలేజీ ఇంజిను నడిపేవాడు. బొగ్గు నింపిన టబ్బులను తాడుతో లాగే ఇంజిను అది. కింది నుంచి గంట మోగితే ఆపాలి, మళ్ళీ మోగితే లాగాలి. ఆ గంట తీగ తెగి చాలా రోజులైంది. పని చూసే సర్దారుకు చెప్పాడు. సర్దారు పైవాళ్ళకు చెప్పానన్నాడు. బాగుచేసినవాడు లేడు. చివరికి ఒకరోజు రాజం అనే మనిషి కాలు టబ్బు కింద నలిగింది. ఎంక్వైరీ వేశారు. తీగ సంగతి బయటికొస్తే ఆఫీసరు మెడకు చుట్టుకుంటుంది. అందుకే ముందురోజు సాయంత్రం యూనియన్ మనిషి ఒకడు రాయమల్లు క్వార్టరుకు వచ్చి, చాయ తాగి, గంట మోగింది గాని ఇంజిను మోతలో వినబడలేదని చెప్పుమన్నాడు. అట్లా అంటే మందలించి వదిలేస్తారు, తీగ పేరెత్తితే నౌకరికే ఎసరు అన్నాడు. మరునాడు రాయమల్లు టేబులు ముందు చేతులు కట్టుకొని నిలబడి, "ఇనబడలే సార్" అన్నాడు.

ఆఫీసరుకు ప్రమోషన్ వచ్చింది. రాయమల్లుకు చెవిటోడన్న పేరు వచ్చింది.

ఇంజిను మీది నుంచి తీసి బాయి పైన బొగ్గు ఊడ్చే పనిలో వేశారు. క్యాంటీన్‌లో కుర్రవాళ్ళకు అతనొక ఆటవస్తువు. "చెవిటి కాకను చాయ తాగుతవా అని గట్టిగ అడుగుండ్రి, మెల్లగ అడిగితే రాయి మోస్తవా అన్నరనుకుంటడు" అనేవాళ్ళు. మొదట్లో తిరిగి రెండు మాటలనేవాడు. తర్వాత మానేశాడు. జవాబు చెప్పడం కూడా ఒక పనే, దానికి జీతం లేదు. ఏళ్ళు గడిచినకొద్దీ నిజంగానే చెవులు బరువెక్కాయి. ఊడ్చిన దుమ్ము సగం చెవుల్లోకే పోయేది. దురద పుడితే అగ్గిపుల్ల పెట్టి తిప్పుకునేవాడు. గులిమి బయటికి రాకపోగా ఇంకా లోపలికి పోయి గడ్డకట్టింది.

కొడుకు ఉపేందర్ డిగ్రీ చదివి, ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద మట్టి లారీ నడుపుతున్నాడు. ఎప్పుడు తీసేస్తారో తెలియని పని. పర్మినెంటు నౌకరికి నోటిఫికేషన్ పడితే ఉద్యోగాలు పిడికెడు, రాసేవాళ్ళు పుట్టెడు. ఇక తండ్రి నౌకరి కొడుక్కి రావాలంటే తండ్రి డ్యూటీలో చావాలి, లేకపోతే పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చాలి. అదన్నా రిటైర్మెంటు మరీ దగ్గర పడకముందే జరగాలి. ఏ ఇంట్లో చూసినా ఇదే లెక్క. బతికున్న తండ్రిలో ఎక్కడ ఏం చెడిందో కొడుకులు వెతుకుతారు. వాళ్ళను అని లాభం లేదు.

ఉపేందర్‌కు ఎక్కువ వెతికే పని లేకపోయింది.

"ఇన్నేండ్లు నిన్ను చెవిటోడన్నరు గద బాపు. గా మాట ఇప్పుడన్న మనకు అక్కెరకొస్తది" అన్నాడు.

అప్పటి నుంచి ఇంట్లో కసరత్తు మొదలైంది. రాయమల్లు గోడ వైపు తిరిగి కూర్చుంటే వెనకనుంచి భార్య లస్మవ్వ స్టీలు పళ్ళెం కింద పడేసేది. గులిమి ఎంత గట్టిగా ఉన్నా పళ్ళెం చప్పుడు ఆగుతుందా? అతను ఉలిక్కిపడేవాడు. కదలకయ్యా, పిలగాని బతుకు అని ఆమె బతిమాలేది. కొన్నాళ్ళకు భుజం కూడా కదపకుండా ఉండడం నేర్చుకున్నాడు. ఒకరోజు పొయ్యి మీది పాలు పొంగుతున్నాయని ఆమె వంటింట్లోంచి ఎంత అరిచినా లేవలేదు. నిజంగనే చెవుడొచ్చిందా ఏందయ్యా అని ఆమె నెత్తి కొట్టుకుంది. దానికీ పలకలేదు.

ఇంతలో కుడి చెవి నొప్పి లేచింది. ఆ పక్కకు పడుకోలేడు, అన్నం నమలలేడు. కంపెనీ దవాఖానకు పోతే చెవుల సంగతి అక్కడ నలుగురి నోట్లో పడుతుందని, ఇంట్లో చెప్పకుండా వేణుమాధవ్ డాక్టరు దగ్గరికి పోయాడు. ఉపేందర్‌కు అమ్మవారు పోసినప్పటి నుంచి లస్మవ్వ షుగరు దాకా ఆ ఇంటి రోగాలన్నీ ఆయనకే తెలుసు. గులిమి మెత్తబడడానికి చుక్కల మందు ఇచ్చి, వారం ఆగి రమ్మన్నాడు.

ఆ డాక్టరు దగ్గర చెవులు కడిగించుకోవడానికి మందమర్రి నుంచి కూడా వస్తారు. ఆయనకూ ఆ పని ఇష్టం. జ్వరమొచ్చినవాడు మందు తీసుకుపోయి తగ్గలేదని తిట్టుకుంటూ మళ్ళీ వస్తాడు. చెవి కడిగించుకున్నవాడు కుర్చీలోంచి లేస్తూనే దండం పెడతాడు. అయితే వచ్చినవాళ్ళందరికీ ఒక పట్టింపు. లోపలినుంచి ఏం వచ్చిందో కళ్ళారా చూడాలి, లేకపోతే కడిగినట్టు కాదు. అందుకే కెరోలిన్ సిస్టర్ ఆ నీళ్ళు పారబోయకుండా ముందు తెచ్చి చూపిస్తుంది.

రాయమల్లు మెడ చుట్టూ తువ్వాల కప్పి, చెవి కింద పళ్ళెం పట్టింది సిస్టర్. డాక్టరు పెద్ద సిరంజితో గోరువెచ్చని నీళ్ళు కొట్టాడు. తలలో వాగు పారినట్టయింది. కాసేపటికి ఏదో ఊడింది. పళ్ళెంలో నల్లటి గడ్డ, రేగ్గింజంత. రెండో చెవిలోంచి ఇంకొకటి.

"నీ చెవుల కొత్త బాయి తవ్వచ్చు గదా కాక" అంది సిస్టర్.

అతనికి నవ్వు రాలేదు. నెత్తి మీద ఫ్యాను కిర్రుమంటోంది. బయట బెంచీ మీద ఎవరో ముక్కు చీదారు. తన తువ్వాల నుంచి నీటిచుక్క నేల మీద పడితే ఆ చప్పుడు కూడా విన్నాడు.

చెవి కడిగాక డాక్టరుకు ఒక పరీక్ష ఉంది. వెనక్కి పోయి నిలబడి, గొంతు తగ్గించి, "నీ చెప్పులు ఎవడో ఏసుకపోతున్నడు" అంటాడు. ఎంతటివాడైనా గిర్రున తిరుగుతాడు. అందరూ నవ్వుతారు. రాయమల్లుకూ అదే మాట అన్నాడు. ప్రతి అక్షరం వినబడింది. మెడ నరాలు లాగాయి. గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు ఇంకోసారి, కొంచెం పెద్దగా అన్నాడు. తర్వాత ముందుకు వచ్చి, ఎట్లున్నది రాయమల్లు అని చేతితో సైగ చేసి అడిగాడు.

"ఏం ఫరక్ లేదు సార్."

డాక్టరు ముఖం వాడిపోయింది. సిరంజి పక్కన పెట్టి, ఇతనికి వినబడదు కదా అనే ధైర్యంతో సిస్టర్‌తో మెల్లగా అన్నాడు, పాపం, నరం పోయినట్టుంది, బాయి పని తినేసింది మనిషిని, ముందే పట్టుకోవాల్సింది నేను. ఆ పేరు పడ్డనాటి నుంచి రాయమల్లును చూసి పాపం అన్నవాడు ఒక్కడు లేడు. ఇన్నేళ్ళకు ఒకడు అంటే, అది వినబడనట్టు కూర్చోవలసి వచ్చింది. దండం పెట్టకుండానే లేచి వచ్చేశాడు.

బోర్డు దగ్గర లస్మవ్వ నేర్పిన విద్య అక్కర్లేకపోయింది. ఎవరూ వెనకనుంచి పిలవలేదు. మంచం మీద పడుకోబెట్టి, తలకు వైర్లు అంటించి, కళ్ళు మూసుకోమన్నారు. చెవిలో టిక్కుటిక్కుమంది. అతన్ని ఏమీ అడగలేదు. అడగవలసిందంతా మిషన్ అతని తలనే అడిగింది. వినికిడి బాగుంది, ఫిట్ అన్నారు.

ఇంటికొచ్చాక చెవులు కడిగించుకున్న సంగతి రాయమల్లే చెప్పాడు. ఉపేందర్ లేచి బండి తాళం తీసుకున్నాడు. తర్వాత అన్నాడు. "ఇన్నేండ్లు కడుక్కోనిది, ఇంకొన్ని దినాలు ఆగలేకపోయినవా బాపు?"

నొప్పి లేచిందిరా అని చెప్పబోయాడు. కొడుకు అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. ఆ తర్వాత ఇంట్లో అతనితో మాటలు తగ్గాయి. అన్నం వేళకు లస్మవ్వ కంచం ముందుకు తోసేది. ఉపేందర్ అదీ చెయ్యలేదు. ఇంకొక్కసారి బోర్డుకు పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారు. అప్పటికీ కాకపోతే సర్వీసు సరిపోదు, ఇక ఆశ వదులుకోవడమే.

కొన్ని నెలలకు మార్కెట్ కాడ వేణుమాధవ్ డాక్టరు స్కూటరు ఆపాడు. తన చేతుల మీదుగా చెవి కడిగించుకొని బాగుకాని మనిషి ఇతనొక్కడే. అది ఆయన్ను తొలుస్తూనే ఉంది. కరీంనగర్‌లో తన దోస్తు ఉన్నాడనీ, చెవుల డాక్టరనీ, ఒకసారి చూపించుకుంటే బాగుంటుందనీ చెప్పాడు. ఆటోల మోతలో గొంతు పెంచడం కూడా మరిచిపోయి మామూలుగానే మాట్లాడాడు. రాయమల్లు కొత్తిమీర కట్ట సంచిలో పెట్టుకుంటూ, ముఖం కూడా చూడకుండా, వద్దులే సార్ అన్నాడు. డాక్టరు వంగి అతని చెవుల వైపు చూశాడు.

"మీరు మంచిగనే కడిగిండ్రు సార్, రంది పెట్టుకోకుండ్రి" అన్నాడు రాయమల్లు. "మల్ల మూసుకపోయేటట్టు ఏదన్న మందుంటే రాయుండ్రి."