ప్లస్ మూడు

నాచారంలో చర్చి వాయిద్యకారులనూ బడి సంగీతం టీచర్లనూ తయారుచేసే కాలేజీలో నేను ఏడాది చదివాను. వారమంతా పారిశ్రామికవాడలో ప్రెషర్ గేజీలు సరిచూసే ఉద్యోగం, ఆదివారం ఉప్పల్‌లో మా చర్చిలో కీబోర్డు, శనివారం ఈ కాలేజీ. సర్టిఫికెట్ ఉంటే మంచిదని మా పాస్టర్‌గారు పంపారు. ఎవరికి మంచిదో చెప్పలేదు.

కాలేజీ ఆస్తులు ఇవి: ఒక పియానో, దానికి తాళం, ఆ తాళంచెవి ప్రిన్సిపాల్‌గారి ఇంట్లో. అడాప్టర్ లేని కీబోర్డు ఒకటి. నల్లబల్ల. వేళ్లు ఎలా ఆడించాలో కూడా నోట్సు చెప్పి రాయించారు. పిల్లలకు పాట నేర్పడం మీద ఒక పేపరు ఉంది. ఏడాదిలో ఒక్క పిల్లాడినీ చూడలేదు.

చర్చిల్లో కీబోర్డు వాయించేవాళ్లలో చాలామందికి వచ్చింది ఒకటే శృతి, సి. సంఘం తనకు తోచిన శృతిలో పాట ఎత్తుకుంటుంది. మేం ట్రాన్స్‌పోజ్ బటన్‌తో వాయిద్యాన్ని అక్కడికి జరిపి, వేళ్లను మాత్రం సి లోనే ఆడిస్తాం. నొక్కేది సి, మోగేది ఇంకోటి. "ఆ బటన్ సోమరిపోతుల ఊతకర్ర" అని మా సార్ మొదటి క్లాసులోనే తిట్టారు. ఆదివారాలు తన చర్చిలో ఆ కర్రతోనే నడిచేవారు.

మౌలాలి నుంచి ఒక అక్క వచ్చేది. ఓ ప్రైవేటు బడిలో ఏళ్లుగా సంగీతం చెబుతోంది. జూన్‌లోగా సర్టిఫికెట్ తేకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామని కొత్త యాజమాన్యం చెప్పేసింది. ఆమె చెవి మాత్రం మామూలుది కాదు.

"తమ్మీ, మీ ఫ్యాక్టరీ సైరన్ ఎఫ్ కంటె జర కిందికున్నది" అంది ఒకరోజు. ఫోన్‌లో శృతి చూసే యాప్ పెట్టి సరిచూశాను. నిజమే.

చెవి పరీక్షకు సార్ తన చర్చి కీబోర్డే తెచ్చారు. మనం గోడవైపు తిరిగి నిలబడాలి. ఆయన ఒక మెట్టు నొక్కి "ఇది సి" అంటారు, తర్వాత పది స్వరాలు. నేను ఆ మొదటిదాన్నుంచి లెక్కపెట్టుకుని తొమ్మిది చెప్పాను. అక్కకు సున్నా.

"సార్, మీరు సి అన్నది సి కాదు. డి షార్ప్."

"ఏందమ్మా, నాకే నేర్పుతవా?"

మార్కుల షీటు చూశాను. అక్క పది జవాబులూ సరిగ్గా మూడేసి మెట్లు పైకున్నాయి, సి కి డి షార్ప్ ఉన్నంత. పది తప్పులూ ఒకే కొలతలో ఉంటే తప్పు మనిషిది కాదు, పరికరానిది. మా ఫ్యాక్టరీలో నిన్న చేరిన ట్రైనీకి కూడా ఇది తెలుసు. కీబోర్డు తెర మీద చూస్తే ట్రాన్స్‌పోజ్ ప్లస్ మూడు. పోయిన ఆదివారం నుంచి అలాగే ఉంది.

"సార్, బటన్ మూడు మీదున్నది."

"అయితే? అందరికి వినొచ్చింది, ఆమెకొక్కతికే వినరాలేదా? షీటు మీద సంతకం గూడ అయిపోయింది."

యాప్ తెరిచి చూపించాను.

"పరీక్ష హాల్లకు ఫోన్ తేవద్దని బోర్డున్నది. సూడలే?"

మళ్లీ పరీక్ష మే నెలాఖరున పెట్టారు. అది పోతే అక్క ఉద్యోగమూ పోయినట్టే.

"సార్ దేన్ని సి అంటే దాన్నే సి అనుకో అక్కా" అన్నాను.

"అనుకుందామంటె చెవి ఒప్పుకుంటలేదు తమ్మీ."

మళ్లీ పరీక్ష రోజు నేనూ వెళ్లి బయట బెంచీ మీద కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో అక్క బయటికొచ్చింది. పదికి పది.

"ఎట్లక్కా?"

"ఏమున్నది? లోపలికి వోంగనే తెర మీద నంబర్ సూసిన. ఇయ్యాల ప్లస్ రెండు. విన్నదాంట్లకెళ్లి రెండు తీసేసి చెప్పిన."

"సార్ ఏమన్నడు?"

"శభాష్ అన్నడు. నీ చెవిని మేం బాగుచేసినం అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"థ్యాంక్యూ సార్ అన్న. ఇంకేమంట? జూన్ల బడికి వోవాలె గద."

ఇద్దరం బస్టాపు దాకా నడిచాం. రోడ్డు మీద ఓ లారీ పొడుగ్గా హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అదేం స్వరమక్కా?" అన్నాను.

అక్క చాలా మర్యాదగా అడిగింది: "అసలుదా, సార్‌దా?"