పార్కు గోడ పక్కన ప్రయోగశాల

మా ప్రయోగశాల ఒక పాత ఓడ కంటెయినర్‌లో ఉంటుంది. సముద్రం మీద సరుకులు మోసిన ఆ ఇనుప పెట్టెకు తలుపు కోసి, ఏసీ బిగించి, లోపల గాలిని కొలిచే యంత్రాలు పెట్టుకున్నాం. పైకప్పు మీది గొట్టం బయటి గాలిని పీలుస్తుంది. అందులో బొగ్గుపులుసు వాయువెంత, పొగ మసి ఎంత అన్నది తెర మీద గీతలై కదులుతుంటుంది. భూమి వేడెక్కడంలో ఒక వీధి వాటా ఎంతో తెలియాలంటే ఆ వీధికే వెళ్ళాలి. అందుకే ఈ పెట్టె.

వానాకాలమంతా దాన్ని యూనివర్సిటీ క్యాంపస్‌లో చెట్ల మధ్య ఉంచాం. గీతలు బుద్ధిగా ఉండేవి. చలికాలంలో తార్నాక తీసుకెళ్ళి, మెయిన్ రోడ్డుకు దగ్గరగా ఒక కాలనీ పార్కు గోడ పక్కన క్రేన్‌తో దించాం. మున్సిపాలిటీ అనుమతి ఉంది గానీ, కాలనీలో ఎవరికీ ఆ కబురు చేరలేదు.

క్రేన్ వెళ్ళకముందే అసోసియేషన్ ప్రెసిడెంటు వచ్చాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, తలకు మంకీ క్యాపు.

“ఏంది మేడం ఇది? గీడ ఎవర్ని అడిగి పెట్టిన్రు? సెల్ టవరా?”

“టవర్ కాదు సార్, ల్యాబ్.”

“ల్యాబంటే? రక్తం పరీక్షలా?”

“గాలి పరీక్షలు.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “చప్పుడైతే మాత్రం ఊకోను” అని వెళ్ళిపోయాడు. చప్పుడు నిజంగానే అయింది. మర్నాడే ఫిర్యాదు చేశాడు. గాలిని లాగే పంపును రోడ్డువైపుకు మార్చి, చుట్టూ మందపాటి ఫోమ్ కట్టాం. ఆ తర్వాత ఏమీ అనలేదు కానీ, పలకరించనూ లేదు.

ఆకులు రాలే రోజులొచ్చాయి. రోజూ పొద్దున్నే మసి గీత ఒక్కసారిగా నిలువునా లేచి, కాసేపటికి దిగిపోయేది. ట్రాఫిక్ ఇంకా మొదలు కాని వేళ అది. యంత్రం పాడైందనుకుని విప్పి చూశాను, బాగానే ఉంది. ఒకరోజు పెందలాడే వచ్చి బయట నిలబడ్డాను. గోడకు అవతల ప్రెసిడెంటు కానుగాకుల కుప్పకు నిప్పు పెడుతున్నాడు. పక్కనే చీపురు. పార్కంతా ఆయనే ఊడ్చుకుంటాడని అప్పుడే తెలిసింది.

గోడ దగ్గరికి వెళ్ళాను. “సార్, ఒకసారి లోపలికి వస్తారా?” అన్నాను.

చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. తెర మీద గీత అప్పుడే ఎగబాకుతోంది. ఆకుల పొగ వల్లే అది లేస్తోందని చెప్పాను. ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు.

“అంటే గా గీత నాదేనా?”

“మీదే సార్.”

“నేనేమో పార్కు సాఫ్ చేస్తున్న అనుకున్న” అని, గట్టిగా నవ్వేశాడు. నాకూ నవ్వు ఆగలేదు.

ఆ వారంలోనే పార్కు మూల ఎరువు గుంత తవ్వించి, ఆకులన్నీ అందులో వేయించి నీళ్ళు చల్లించాడు. పొద్దుటి గీత అణిగింది. రోడ్డు మీద బస్సులు, ఆటోలు మాత్రం వాటి గీత అవి గీస్తూనే ఉన్నాయి. అయినా ఆయన వాకింగ్‌కు వచ్చినవాళ్ళందరినీ వంతులవారీగా లోపలికి తెచ్చి, పాత గీత, కొత్త గీత పక్కపక్కన చూపించేవాడు. “ఇది నేను గలీజు చేసింది, ఇది మంచిగైంది” అని చెప్పేవాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. పక్క కాలనీవాళ్ళు కూడా చూసిపోయారు. వాళ్ళూ ఒక గుంత తవ్వించారు.

ఎండాకాలం రాగానే పెట్టెను మల్కాజ్‌గిరికి తరలించాల్సి వచ్చింది. లారీ వచ్చిన రోజు డ్రైవరును వెనక్కి, పక్కకి అంటూ ఆయనే దగ్గరుండి తిప్పించాడు.

“గాడ మా బామ్మర్ది ఉంటడు మేడం. ఫోన్ చేసి చెప్పిన, టవర్ కాదు, లొల్లి చెయ్యకుండ్రి అని.”

మా లారీ మలుపు తిరిగాక ఆయన నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళావిడ ఉప్మా పెట్టింది. వరండాలో కూర్చుని తీరిగ్గా తిని, రెండోసారి కూడా పెట్టించుకున్నాను.