పెట్టె తలవైపు తాత

గనులు మూతపడ్డాక మా తాత చావులకు డ్యూటీ ఎక్కాడు. షిఫ్టు లేదు, సైరను లేదు. చర్చి గంట మోగితే చాలు, చొక్కా తగిలించుకుని బయల్దేరేవాడు. మా గని లైన్లలో, అంటే కార్మికుల వరస ఇళ్లలో, శవపేటిక చుట్టూ ఇంటివాళ్లంతా నిలబడి ఫోటో దిగాకే సమాధుల తోటకు ప్రయాణం. తాత ఎవరింటి చావైనా పెట్టె తలవైపు చోటు పట్టేసేవాడు. పెట్టె మోయడానికీ, గుంత లోతు చూడడానికీ ఆయనే దిక్కు కాబట్టి ఎవరూ కాదనలేదు.

తీరా ఆయన పోయాక, నెల ప్రార్థన నాటికి గోడకు పెడదామంటే ఇంట్లో ఆయన బతికున్నప్పటి ఫోటో ఒక్కటీ లేదు. గని గుర్తింపు కార్డులో ఉన్నదానికి సీలు సరిగ్గా ముక్కు మీద పడింది.

"అందరిండ్లలో ఉండాడు గదప్పా, పోయి అడుగు," అంది అవ్వ. "ఏడుపు మొగం మాత్రం తేవద్దు. నన్ను నవ్వించినోడు ఇంగ గోడమీద ఏడుస్తా ఉంటే నేను చూడలేను."

ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఆల్బంలోనూ తాత ఉన్నాడు, సొంత తల్లి పోయినట్టు మొహం పెట్టుకుని. ఒక ఇంట్లో కొడుకులకంటే ఈయనే ఎక్కువ ఏడ్చాడు. వాళ్లకు ఆ కోపం ఇంకా పోలేదు. పదకొండు ఇళ్లు, పదకొండు ఏడుపులు. నాకు ఒళ్లు మండింది. పన్నెండో ఇంట్లో దొరికాడు: శవం పక్కన, పళ్లన్నీ బయటపెట్టి.

"మా ఆయన పోతే మీ తాతకు అంత సంతోషమేంది నాయనా? ఇన్నేండ్లూ అడగాలనుకుంటి," అంటూనే ఆ ఇంటావిడ ఫోటో ఇచ్చింది.

స్టూడియోవాడు పెట్టెను తప్పించి తాతను పెద్దది చేశాడు. కింద మూలన ఒక బంతిపువ్వు మిగిలిపోయింది.

చూడగానే అవ్వకు గుర్తొచ్చింది. "ఆ పొద్దు గుండీలు తప్పు పెట్టుకోనొచ్చినాడు. కెమెరా ఎనకాల నిలబడి నేను సైగ చేస్తే నవ్వేసినాడు. ప్రతి చావుకీ నేను ఆడనే గదా ఉండేది, ఈయన్ని చూసుకునేదానికి."

నిజమే, కాలరు ఒకవైపు పైకి లేచి ఉంది. అప్పుడు తట్టింది నాకు: పన్నెండు ఇళ్ల ఫోటోల్లో ఎక్కడా అవ్వ లేదు. మర్నాడే స్టూడియోవాణ్ణి ఇంటికి పిలిచాను.

"ఇప్పుడెవరు పోయినారని ఫోటో?" అంది అవ్వ, కొయ్యలా బిగుసుకుని.

ఎంత బతిమాలినా నవ్వలేదు. నేను కెమెరా వెనక్కి వెళ్లి, చొక్కా గుండీలు విప్పి, ఒకటి తప్పించి పెట్టుకున్నాను.