వానడబ్బాకు అభిషేకం

ఆ రోజుల్లో మా అనంతపురం వైపు "మీ పిల్లోడు ఏం చేస్తాండాడు?" అని ఎవరైనా అడిగితే "నీడలో ఉండాడు" అని చెబితే చాలు, పెళ్లి సంబంధాలు నడిచి వచ్చేవి. ఏం పని, ఎవరికి పనికొచ్చే పని అన్న ప్రశ్నలు ఎవరికీ తోచేవి కావు. ఎండలో పుట్టి, ఎండలో వేరుశనక్కాయలు పీకి, ఎండలోనే నల్లబడిన వంశం మాది. అందులో ఎస్సెల్సీ గట్టెక్కిన మొదటివాణ్ని నేను. కాబట్టి నన్నెలాగైనా ఒక కప్పు కింద కూర్చోబెట్టాలని మా మేనమామ కంకణం కట్టుకున్నాడు. ఆయన తాలూకా కచేరీలో బంట్రోతు. (బంట్రోతే గానీ, మా ఊరికి వచ్చినప్పుడు ఆ నడక చూస్తే కలెక్టరే సెలవు మీద దిగాడనుకోవాలి.) ఎవరి కాళ్లు పట్టుకున్నాడో ఏమో, నాకు కచేరీలో వాన కొలిచే ఉద్యోగం వేయించాడు.

నవ్వకండి, నిజంగానే అలాంటి ఉద్యోగం ఉండేది. కచేరీ వెనక బయలులో ఒక రాతికట్ట, దాని మీద నిలువుగా పాతిన గుండ్రటి డబ్బా, డబ్బాలో గరాటు, గరాటు కింద సీసా. రోజూ పొద్దున గరాటు తీసి, సీసాలో నీళ్లుంటే గీతలున్న గాజు గొట్టంలో పోసి కొలిచి, ఎంత వాన కురిసిందో జిల్లాకు తంతి కొట్టాలి. వాన లేకపోతే లేదని రాయాలి. మా వైపు వాన సంగతి మీకు తెలియనిది కాదు. నేను చేరినప్పటి నుంచీ "లేదు" అని రాయడమే. ఒకసారి మాత్రం గరాటులో బల్లి ఉండింది. బల్లి పడితే ఏం రాయాలో ఏ రూల్సులోనూ లేదు.

"పని లేదని కాదప్పా, ఉండాది. అది రాకపాయె, నీ తప్పా?" అనేవాడు మామ. ఆ మాట నాకు వేదంలా వినిపించేది. "లేదు" అని రాసేశాక ఇక కుర్చీ, వేపచెట్టు నీడ, కుండలో చల్లటి నీళ్లు. కాస్త పొద్దెక్కితే మజ్జిగ. ఆ మజ్జిగ మా పెద్ద గుమాస్తా ఇంటి నుంచి వచ్చేది. ఆయనకు కోపం వచ్చినట్టు ఎవరూ ఎరగరు, అందుకే మజ్జిగ సారు అని పేరు. ఊళ్లోవాళ్లు నాకూ ఒక పేరు పెట్టారు, వానప్ప అని. ఎగతాళికేమో అనుకున్నాను గానీ కాదు. సంతకు వచ్చిన రైతులు ప్రహరీ పక్కన నిలబడి "ఏమప్పా వానప్పా, ఈ తూరన్నా మా పక్కకు రాయి" అని నిజంగానే బతిమాలేవాళ్లు. నేను రాస్తేనే వాన వస్తుందని వాళ్ల నమ్మకం. (నేను కూడా "చూస్తాంలే" అనేవాణ్ని. ఉద్యోగస్తుణ్ని కదా మరి.)

ఆ ఏడు కరువు ముదిరింది. కచేరీకి ఎదురుగా ఉన్న సత్రంలో గంజి కేంద్రం పెట్టారు. దాన్ని నడిపేది ఒక క్రైస్తవుల పెద్దావిడ, బళ్లో పాఠాలు చెప్పి మానుకున్న టీచరమ్మ. పొగకు కళ్లు ఎర్రబడి, చీర మీద రాగిపిండి మరకలతో రోజూ మా గేటు దగ్గర ఆగి నన్ను పిలిచేది. "ఏమప్పా, రాని వానను కాచుకొని కూచున్నావు. ఈడ జనం కడుపు పట్టుకొని వస్తాండారు. చదువుకున్నోనివి, వచ్చి వరస చూడగూడదా?" "చూస్తాంలేమ్మా" అనేవాణ్ని. గంజి కేంద్రం వాన పడేదాకానే. ఆ తరువాత పని ఉండదు, జీతమూ అంతంతే, పొగ మాత్రం నిండా. నా నీడను వదులుకునేంత పిచ్చివాణ్ని కాదనుకున్నాను.

ఒక రోజు పొద్దున యథాప్రకారం "లేదు" అని ముందే రాసేసి (అదొక అలవాటు), డబ్బాలో గరాటు తీస్తే గుండె ఆగినంత పనైంది. సీసా నిండా ఎర్రటి నీళ్లు. పైన చూస్తే మబ్బు తునక కూడా లేదు. కింద చూస్తే డబ్బాకు మూడు పట్టెల విభూతి, కుంకుమ బొట్టు, రాతికట్ట మీద కొబ్బరి చిప్పలు. వానల్లేకపోతే శివలింగానికి బిందెలతో నీళ్లు పోయడం మా వైపు ఆచారం. డబ్బా కూడా నిలువుగా, గుండ్రంగా, కట్ట మీదే ఉందాయె. ప్రహరీ అవతల ఖాళీ కడవలు కింద పెట్టి ఆడవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏం చేసినారవ్వా?" అన్నాను వాళ్లలో ముసలామెతో.

"ఊర్లో శివునికి పోసి పోసి యాష్టకొచ్చింది నాయనా. ఆయప్ప పలకల్యా. కచేరీలో ఉండే దేవునికైతే పైవాళ్లతో మాట ఉంటాదని ఈడికి తెచ్చినాం."

"ఇన్ని నీళ్లు యాడ దొరికినాయి?"

"మా బాయి ఎండిపాయె. వంకలో చెలమ తోడి తెచ్చినాం. తాగేదానికి పెట్టుకున్నేటివే. మేము ఒక పూట తాగకుంటే ఏమైతాది, దేవుడు తాగనీ."

సీసాలోని నీళ్లను గొట్టంలో పోశాను. గాజు గొట్టం పట్టుకుని మజ్జిగ సారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "మంచి వానే" అన్నాడు. "డబ్బాలో నీళ్లుంటే వాన, లేకుంటే ఎండ. మిగతాది మనకెందుకప్పా? తంతి కొట్టు."

"సార్, వాన పడిందని తెలిస్తే గంజి కేంద్రం మూసేస్తారు కద సార్?"

"మూస్తారు. అది వాళ్ల పని. లేదని రాసి నువ్వు దొరికిపోతే నీ కుర్చీ పోతాది. కూచో, మజ్జిగ తాగు."

నేను ధైర్యవంతుణ్ని కాను. కానీ ఆ అవ్వ తాగే నీళ్లు తెచ్చి పోస్తే, ఆ నీళ్లే ఆమె గంజి పారబోస్తాయన్న మాట మింగుడు పడలేదు. తిన్నగా తాసిల్దారు గదిలోకి వెళ్లి గొట్టం బల్ల మీద పెట్టి, "సార్, కుంకుమ కలిసిన వాన యాడన్నా కురుస్తుందా సార్?" అన్నాను. ఆయన ఎర్రటి నీళ్లను చూశాడు, నన్ను చూశాడు, కిటికీలోంచి కడవలను చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వి, "వాన లేదనే రాసుకో, పోవయ్యా" అన్నాడు. నా కుర్చీ నాకే ఉంది.

వచ్చి కూర్చున్నాను. మజ్జిగ వచ్చింది. గ్లాసు ఎత్తబోతే, ఎదురుగా సత్రం ముందు ఆ ఆడవాళ్లే గంజి వరసలో నిలబడి కనిపించారు. ఆ అవ్వ నన్ను చూసి చెయ్యెత్తి దండం పెట్టింది. ఇక ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాలేదు. మరుసటి రోజు గాజు గొట్టం మజ్జిగ సారుకు అప్పజెప్పి రోడ్డు దాటాను. మా మామ సత్రం ముందుకొచ్చి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "చెట్టు నీడ ఇడిసి పొయ్యి కాడికి పోతావేమప్పా, గాలేమన్నా సోకిందా నీకు?"

మొదటి రోజే గంజి అడుగంటింది. రెండో రోజు గడ్డకట్టింది. టీచరమ్మ గరిటెతో పైకెత్తి చూసి, "గంజి కాయమంటే సంగటి చేసినావు కదప్పా. పోనీలే, కడుపులో ఎక్కువసేపు నిలుస్తాది" అంది. నా కళ్లు కూడా ఎర్రబడ్డాయి, చేతులు కాలాయి, పెళ్లి సంబంధాలు వచ్చిన దారినే తిరిగిపోయాయి. అయినా అంత ఆకలిగా తిని, అంత మొద్దు నిద్ర పోయిన రోజులు మళ్లీ నా జన్మలో లేవు.

ఆఖరికి ఒక మధ్యాహ్నం వాన వచ్చేసింది. గంజి పోస్తుండగానే ముంతల్లో చినుకులు పడ్డాయి. పొయ్యి ఆరిపోయింది. జనం లోపలికి రాకుండా వీధిలోనే తడుస్తూ నిలబడ్డారు. అవతల కచేరీలో నా స్థానంలో చేరినవాడు గొడుగేసుకుని డబ్బా చుట్టూ తిరుగుతున్నాడు. అవ్వ తడిసి ముద్దై నా దగ్గరికి వచ్చి, "చూసినావా వానప్పా, ఆ పొద్దు మేము పోసిన నీళ్లు యాడికీ పోలేదు. తిరిగొచ్చేదానికి రోంత ఆలీసమైంది, అంతే" అంది.

"కచేరీ పనులు కదవ్వా, ఆలీసమే అయితాయి" అన్నాను.

అలా వాన వచ్చింది, నా పని పోయింది. పని పోయినందుకు జనంతో కలిసి గంతులేసినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను. తరువాత టీచరమ్మ పుణ్యమా అని బడిపంతులునై, ఎండలోనూ వానలోనూ పల్లెలన్నీ తిరిగాను. ఇప్పుడు మా అబ్బాయి కొనిచ్చిన మెత్తటి కుర్చీలో, ఫ్యాను కింద కూర్చుని ఇది రాస్తున్నాను. మా మామ చూస్తే ఎంత సంతోషించేవాడో, "ఇప్పటికి నీడలో పడినావు కదప్పా" అని. నీడ బాగానే ఉంది, కాదనను. కానీ కిటికీ అవతల చినుకు పడిందంటే కాలు నిలవదు. లేచి వాకిట్లోకి వెళ్లి అరచెయ్యి చాపుతాను. "ఎంత వాన పడింది?" అని లోపల్నుంచి మా ఆవిడ అడుగుతుంది. కొలవడం ఎప్పుడో మానేశానని చెప్పి ఇంకాసేపు తడుస్తాను.