మర్టిల్ చూసిన ముఖం

పదకొండేళ్ళుగా మర్టిల్ తన అల్లుడి ముఖం చూడలేదు. ఇద్దరూ ఉండేది కార్బీ ఊరి చివర, ఎండిపోయిన ఏటి గట్టున ఒకే పేటలో. ముప్పై రేకుల పాకలు, అందరికీ ఒక్కటే కుళాయి. అయినా చూడలేదు. అత్తా అల్లుడూ ఒకరినొకరు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదు, ఒకరి పేరు ఒకరు పలకకూడదు. అది పగ కాదు, మర్యాద. ఆ నేల ఆదివాసులైన వాళ్ళకు దాన్ని మించిన మర్యాద లేదు. అల్లుడు డెస్మండ్ కుళాయి దగ్గరికి వస్తుంటే ఎవరో ఒకరు దగ్గుతారు, మర్టిల్ పాక చాటుకు తప్పుకుంటుంది. అతను కంగారూను కొట్టి తెచ్చిన రోజున తోకా తొడా అత్తగారివే. ఆమె పాకకు కాస్త దూరంలో కొమ్మకు తగిలించి, ఖాళీ డబ్బా మీద రెండు సార్లు కొట్టి వెళ్ళిపోతాడు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె వాటా తప్పలేదు. కన్న కొడుకులు ఇంత చేస్తారా అని పేటలో ఆడవాళ్ళు మర్టిల్‌ను చూసి కుళ్ళుకునేవారు.

ఆమె బతుకులో మర్యాద అంటూ దొరికింది ఆ ఒక్క వైపు నుంచే. మిగతా వైపుల నుంచి వచ్చినవి దెబ్బలు. పుట్టింది ఎల్వెరీ స్టేషన్లో, అంటే ఒక తెల్లదొర పశువుల ఎస్టేటులో. పదేళ్ళకే దొర వంటింట్లో గిన్నెలు తోమింది. చేసిన చాకిరీకి పిండి, టీ ఆకు, పంచదార, ఆదివారం నాడు మాంసం ఒలిచేసిన ఎముకలు ఇచ్చేవారు. ఆమె తండ్రి గుర్రాలను మాలిమి చేసేవాడు. ఒక గుర్రానికి కాలు విరిగిందని దొర ఆయన్ని దొడ్డి కమ్మీకి కట్టేసి, చేయి నొప్పెట్టేదాకా కొరడాతో బాదాడు. మూడో రోజు ఆయన నెత్తురు కక్కుకుని పోయాడు. పోలీసాయన వచ్చాడు, దొర బల్ల దగ్గర కడుపునిండా తిన్నాడు, గుర్రం తన్ని చచ్చాడని రాసుకున్నాడు. ఆ మాటకు సాక్ష్యంగా పాపం ఆ కుంటి గుర్రాన్ని కూడా కాల్చేశారు.

పదహారేళ్ళకు మర్టిల్‌కు తెల్లని పిల్లాడు పుట్టాడు. ఎవరి పోలికో స్టేషనంతటికీ తెలుసు, అందరికన్నా ముందు దొరసానికి తెలుసు. అలాంటి తెల్ల పోలిక పిల్లల్ని ప్రభుత్వం ఎత్తుకుపోయేది కనక నాలుగేళ్ళు వాడి ఒంటికి బొగ్గూ కొవ్వూ పూసి దాచుకుంది. ఒక మధ్యాహ్నం ప్రభుత్వం లారీ వచ్చింది. మర్టిల్ చక్రాల ముందు అడ్డంగా పడుకుంటే ఇద్దరు మనుషులు జుట్టు పట్టి ఈడ్చి, మూతి మీద బూటుతో తన్నారు. మూడు పళ్ళు పోయాయి, పిల్లాడూ పోయాడు. వాడు బతికున్నాడో లేదో ఈ రోజుకీ తెలియదు. ఆ తర్వాత నల్లవాళ్ళకూ సమానంగా జీతాలివ్వాలని చట్టం వచ్చింది. వచ్చిన వారానికే దొర తుపాకీతో పనివాళ్ళ పాకల దగ్గర కుక్కలన్నిటినీ కాల్చి, మనుషుల్ని గేటు బయటికి తోశాడు. అలా అందరూ కార్బీ ఏటి గట్టుకు చేరారు.

ఇంత జరిగినా మర్టిల్ తాగుడుకు పోలేదు. హోటల్ వెనక దుప్పట్లు ఉతికి కూతురు నోరీన్‌ను పెంచింది. ఎవరైనా అయ్యో పాపం అంటే ఆమెకు ఒళ్ళు మండేది.

“పాపమేంటి? ఇంకా నమలడానికి పళ్ళున్నాయిగా!” అనేది.

ఇక ఆ శుక్రవారం సంగతి. మర్నాడు ఊళ్ళో గుర్రప్పందాలు. బయటి నుంచి పెద్దమనుషులు వస్తారని పోలీసులు తాగారన్న సాకుతో ఏటిలో ఉన్నవాళ్ళను చెత్త ఎత్తినట్టు ఎత్తడం మొదలుపెట్టారు. మర్టిల్ దుప్పట్లు ఆరేసి ఇసుకలో అడ్డదారిన ఇంటికి వస్తోంది. కానిస్టేబుల్ రిగ్బీ ఆమె జబ్బ పట్టుకున్నాడు.

“ఏయ్ ముసలీ, ఎక్కు.”

“నేను తాగలేదయ్యా. నోరు వాసన చూడు.”

“నీ నోరు వాసన చూడ్డానికా నాకు జీతమిచ్చేది? ఎక్కమంటుంటే!”

వ్యాను వెనక ఇనుప బోనులోకి ఆమెను తోశాడు. మోకాలు చెక్కుకుపోయింది. ఆమె లేచి కూర్చునేలోపు బయట కేకలు వినిపించాయి. రిగ్బీ, ఇంకో కానిస్టేబుల్ వీవర్ కలిసి డెస్మండ్‌ను ఈడ్చుకొస్తున్నారు. గొంతు వినగానే మర్టిల్ గుర్తుపట్టింది. వెంటనే గౌను పైకెత్తి తల మీద కప్పుకుని, బోను మూలకు ముఖం పెట్టింది.

డెస్మండ్ లోపల ఎవరున్నారో చూశాడు. రెండు చేతులూ తలుపు అంచుకు తన్నిపెట్టాడు.

“అందులోకి కాదు సార్! నడిచొస్తాను, తాడు కట్టి వ్యాను వెనకాల లాక్కుపోండి. అందులో వద్దు!”

“ఏం, అయ్యగారికి ఆడవాళ్ళతో కూర్చోడం నామోషీనా?”

“సార్, ఆమె... ఆమె ఉంది సార్. కుదరదు. చంపినా కుదరదు!”

అత్త అన్న మాట కూడా అతను నోటితో అనకూడదు, అందుకే అంతకన్నా చెప్పలేకపోయాడు. వాళ్ళకు అర్థమైంది ఒక్కటే, వీడు ఎదురు తిరుగుతున్నాడు. రిగ్బీ లాఠీ తీసి వేళ్ళ మీద కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. మర్టిల్ ఆ దెబ్బలు వింది. మొదట ఇనుము మీద పడ్డట్టున్నాయి, తర్వాత తడిగా వినిపించాయి. వేళ్ళు విరుగుతున్నా అతను తలుపు వదల్లేదు. ఒక్క బూతు మాట కూడా అనలేదు, అత్త వింటోందని. అప్పుడు మోకాళ్ళ వెనక తన్నారు. తల తలుపుకేసి కొట్టారు. చంపేస్తున్నారు అనుకుంది మర్టిల్. తండ్రిని కమ్మీకి కట్టిన రోజు పెద్దవాళ్ళు ఆమెను దుప్పటి కింద నొక్కి పెట్టారు. ఈ రోజు నొక్కి పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. గుడ్డ తొలగించి చూసింది.

పదకొండేళ్ళ తర్వాత అల్లుడి ముఖం చూడడం అలా జరిగింది. నెత్తుటిలో. అతని కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి, ఆమెను చూడకూడదని. అతన్ని లోపలికి తోస్తూ రిగ్బీ ముందుకు వంగాడు. అదే క్షణంలో వీవర్ హడావుడిగా తలుపు విసిరి కొట్టాడు. ఇనుప తలుపు అంచు నేరుగా రిగ్బీ ముక్కు మీద పడింది. పటుక్కుమంది. మర్టిల్ గబుక్కున గుడ్డ లాక్కుంది.

పోలీసు స్టేషన్‌కు చేరేదాకా పావుగంట. ఇద్దరూ ఆ బోనులో చెరో మూలన, వీపులు ఒకరికొకరు పెట్టి కూర్చున్నారు. ఒకరి ఊపిరి ఒకరికి వినిపిస్తోంది. అది చాలు, తల కొట్టేసినట్టుంది ఇద్దరికీ. అక్కడ దించాక ముక్కు పగిలిన కసి కూడా డెస్మండ్ మీదే తీర్చుకున్నారు. మర్టిల్‌ను సాయంత్రం వదిలేశారు. డెస్మండ్ మీద కేసు రాశారు. కానిస్టేబుల్ ముక్కు తలతో పొడిచి పగలగొట్టాడట. అతని మీద పాత కేసు ఒకటుంది కనక ఈసారి రెండేళ్ళు ఖాయం అన్నారు.

ఉచితంగా వాదించే ప్లీడరమ్మ హాలొరన్ పేటకు వచ్చి నేల మీదే కూర్చుంది.

“వ్యానులో మీరొక్కరే ఉన్నారు మర్టిల్ గారూ. ఆయన పొడవడం చూశారా?”

చుట్టూ ఆడవాళ్ళు. ఎదురుగా మర్టిల్ అక్క ఎల్సీ. పేటలో ఎవరి నడవడికైనా తీర్పు చెప్పేది ఎల్సీయే.

“దాన్నేం అడుగుతావమ్మా? అది గుడ్డ కప్పుకుంది. మా పిల్ల అలాంటిది కాదు,” అంది ఎల్సీ.

మర్టిల్ తల దించుకుని, “చూళ్ళేదు,” అంది.

రెండు రోజులకు పిల్లల సంక్షేమం ఆఫీసు నుంచి ఒకావిడ ఫైలు పట్టుకుని వచ్చింది. నోరీన్ పాకలో గిన్నెలు ఎత్తి చూసింది, పిల్లల తలలు చూసింది. తండ్రి జైలుకు వెళ్తే ఇద్దరినీ దక్షిణాన ఏదో హోముకు పంపాల్సి వస్తుందని మెత్తగా చెప్పి వెళ్ళింది. ఆ మెత్తదనం మర్టిల్‌కు బాగా తెలుసు. నోరీన్ వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

“అమ్మా, నీకు నిజంగా ఏమీ కనిపించలేదా?”

మర్టిల్ కూతురి జుట్టు నిమిరింది. చూశానని చెప్తే అల్లుణ్ణి చూసిన ఆడది అవుతుంది. తనకొక్కదానికే కాదు, అతనికీ తలెత్తుకునే దారి ఉండదు. చెప్పకపోతే పిల్లలు లారీ ఎక్కుతారు.

కేసు రోజున కోర్టు వెనక బెంచీలన్నీ పేట జనంతో నిండాయి. మర్టిల్ గుమ్మంలో అడుగు పెట్టగానే ముద్దాయి బోనులో డెస్మండ్ గిరుక్కున గోడవైపు తిరిగాడు. మేజిస్ట్రేటుకు చిర్రెత్తింది.

“ఏమిటా వేషాలు? ఇటు తిరగమను!”

హాలొరన్ లేచి వివరించబోయింది. ఆయన వినలేదు. బంట్రోతు డెస్మండ్ భుజం పట్టి తిప్పాడు, అతను మళ్ళీ తిరిగాడు. ఇద్దరు పోలీసులు కట్టు కట్టిన చేతిని వెనక్కి విరిచి తిప్పబోయారు. డెస్మండ్ అరిచాడు. వెనక బెంచీలు ఒక్కసారిగా లేచాయి.

“వదలండిరా ఆ చేయి!”

“సిగ్గులేని గాడిదల్లారా, అతని అత్త ఉందిక్కడ!”

ఒక పోలీసు ఎవరినో రొమ్ము మీద గుద్దాడు. ఎవరో బెంచీ ఎత్తారు. చివరికి మేజిస్ట్రేటే భయపడి, ఎటు తిరిగితే అటు నిలబడనివ్వండన్నాడు. మర్టిల్ సాక్షి బోనులో తల మీద గుడ్డ కప్పుకుని, డెస్మండ్‌కు వీపు పెట్టి కూర్చుంది.

ప్రాసిక్యూటర్ నవ్వుతూ లేచాడు.

“ఆ రోజు వ్యానులో కూడా ఇలాగే కప్పుకున్నారు కదూ?”

“ఇలాగే.”

“ఇది మీ కట్టుబాటు. దీన్ని మీరెప్పుడూ దాటరు.”

“దాటం.”

“కాబట్టి మీరేమీ చూడలేదు. అంతే కదా?”

మర్టిల్ గొంతు గుడ్డ లోపలి నుంచి వచ్చింది.

“చూశాను.”

బెంచీల మీద ఆడవాళ్ళు చేతులతో ముఖాలు కప్పుకున్నారు.

“తలుపు ఆ రెండో ఆయన వేశాడు. అది ఈయన ముక్కుకు తగిలింది. పిల్ల మొగుడు ఎవర్నీ పొడవలేదు. అప్పటికే అతని తల వాలిపోయింది.”

ప్రాసిక్యూటర్ ఒక్క క్షణం తడబడి సర్దుకున్నాడు. “పదకొండేళ్ళుగా చూడని మనిషిని ఆ రోజే చూశారా? అల్లుణ్ణి కాపాడుకోడానికి అల్లిన కథ కాదని నమ్మేదెలా? చూసింది నిజమైతే చెప్పండి, అప్పుడు ఆయన ముఖం ఎలా ఉంది?”

“అది అడగొద్దు!” అని హాలొరన్ అడ్డు తగిలింది. మేజిస్ట్రేటు అడగొచ్చన్నాడు.

చూడడం ఒక తప్పు. చూసింది నలుగురిలో నోటితో చెప్పడం దానికి పదింతలు. మర్టిల్ వేళ్ళు బోను కర్రను పట్టుకున్నాయి.

“ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది, పాత దెబ్బ. అక్కడ వెంట్రుకలు లేవు. పై పళ్ళ మధ్య సందుంది. గడ్డం కింద చిన్న కాయ ఉంది. కళ్ళు మూసుకునే ఉన్నాడు. నన్ను చూడకూడదని మూసుకున్నాడు. అంత దెబ్బల్లో కూడా తెరవలేదు. అతను మర్యాద తప్పలేదు. తప్పింది నేను.”

వెనక డెస్మండ్ గోడకు నుదురు ఆనించి, విరగని చేతి మణికట్టును నెత్తురు వచ్చేలా కొరుక్కుంటున్నాడు. మేజిస్ట్రేటు అతన్ని ఇటు తిప్పించి, కనుబొమ చూశాడు, గడ్డం ఎత్తించి చూశాడు. వీవర్‌ను మళ్ళీ పిలిచి తలుపు గురించి అడిగితే అతని నాలుక తడబడింది. గంటలో కేసు కొట్టేశారు.

మెట్ల దగ్గర ఎల్సీ గడ్డలు తవ్వే కర్రతో నిలబడి ఉంది. మర్టిల్ ఆమె ముందుకు వెళ్ళి తల వంచింది. చేతులు అడ్డం పెట్టలేదు. ఎల్సీ ఏడుస్తూనే కొట్టింది, మొహమాటం లేకుండా కొట్టింది. మొదటి దెబ్బకు నెత్తి చిట్లింది. రెండో దెబ్బకు మర్టిల్ మోకాళ్ళ మీద పడింది.

“అయిపోయింది! ఇక దీని గురించి ఎవరైనా నోరెత్తారో, ఈ కర్ర వాళ్ళ నెత్తినే!” అని ఎల్సీ అందరి వైపు తిరిగి అరిచింది. కర్ర పారేసి, తన గౌను అంచు చింపి చెల్లెలి తలకు కట్టింది.

పోలీసొకడు పరుగున వచ్చాడు. “ఎవరు కొట్టారు నిన్ను? చెప్పు, ఇప్పుడే లోపలేస్తా.”

“నేను చూళ్ళేదయ్యా,” అంది మర్టిల్. ఏడుపు మధ్యనే ఎల్సీకి నవ్వొచ్చింది.

తన తప్పుకు తను దెబ్బ తింది కనక మర్టిల్ మళ్ళీ నలుగురిలో కూర్చోవచ్చు. డెస్మండ్ సంగతి అది కాదు. అత్త నోట తన కనుబొమా పళ్ళూ విన్న మగవాడు ఆ పేటలో కుళాయి దగ్గరికి కూడా వెళ్ళలేకపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి మరీ కష్టమైంది. పది రోజులకు డెస్మండ్ తండ్రి నేలకు, పడమరగా రెండు రోజుల ప్రయాణం, వెళ్ళిపోతామని నోరీన్ వచ్చి చెప్పింది.

“నువ్వు ఆయన్ని జైలుకు పోకుండా ఆపావమ్మా. పిల్లల్ని నా దగ్గరే ఉంచావు. కానీ ఆయన ఇక్కడ ఉండలేడు.”

“పిల్లలు నీ దగ్గరున్నారు కదా. పో,” అంది మర్టిల్.

బయల్దేరిన పొద్దున డెస్మండే ట్రక్కు నడుపుతున్నాడు. పేటంతా బయటికొచ్చింది. మర్టిల్ పాక ముందు, దారికి వీపు పెట్టి, గుడ్డ కప్పుకుని కూర్చుంది. ట్రక్కు ఆమె వెనకే నెమ్మదించింది. మనవరాలు పాలెట్‌కు ఏడేళ్ళు, వెనక సామాన్ల మీద నిలబడి అరిచింది.

“అవ్వా! వెళ్ళిపోతున్నామే! ఇటు చూడు! అవ్వా, ఒక్కసారి చూడవే!”

తల తిప్పితే పిల్లతోపాటు స్టీరింగు ముందున్న మనిషి కూడా కనిపిస్తాడు. మర్టిల్ రెండు చేతులతో ఇసుక గట్టిగా పట్టుకుంది. ట్రక్కు కదిలింది. పిల్ల గొంతు ఏటి మలుపు దాకా వినిపిస్తూనే ఉంది. అది కూడా ఆగిపోయాక ఎల్సీ వచ్చి చెల్లెలి పక్కన కూర్చుని, దుమ్ము అణిగేదాకా ఆమె చేయి పట్టుకుంది.