పిన్ని వేసిన ఐసు

రేపల్లెలో పెట్టెలో సర్దిన చేప తెనాలి మార్కెట్ చేరేసరికి ఎంత చల్లగా ఉంటుంది? ఆఖరి సంవత్సరంలో మా మేడం నాకిచ్చిన ప్రాజెక్టు ఇదే. కూతురు బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదువుతోందని ఊరంతా చెప్పుకున్న మా నాన్నకు కూడా ఇదే చెప్పాను.

"చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోద్ది కదే," అన్నాడు.

మాది అంగలకుదురు. నాన్నకు పొలం, ఎరువుల కొట్టు ఉన్నాయి. ఆయన దృష్టిలో ఉద్యోగమంటే బ్యాంకు ఉద్యోగమే. కాలేజీకి వచ్చే కంపెనీల్లో ఏదీ నన్ను తీసుకోకపోతే, చదువు అయిపోగానే తెనాలిలో బ్యాంకు కోచింగ్‌లో చేరాలన్నది మా మధ్య ఒప్పందం. కోచింగ్ వాళ్లతో అప్పుడే మాట్లాడేశాడు కూడా. నాకు బ్యాంకుల మీద కోపమేమీ లేదు. లోపలికి వెళ్తే నిద్రొస్తుంది, అంతే. నాకు ల్యాబ్‌లో ఉద్యోగం కావాలి. అది రావాలంటే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి నా దగ్గరున్నది ఈ చేపల పెట్టె ఒక్కటే.

రేపల్లెలో చేపల వ్యాపారం చేసే ఒకావిడ మా అమ్మకు ఎప్పటి నుంచో తెలుసు. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. పెనుమూడి రేవు నుంచి వచ్చిన చేపల్ని థర్మాకోల్ పెట్టెల్లో ఐసు వేసి సర్ది, పొద్దున్నే ప్యాసింజర్‌లో తెనాలి పంపిస్తుంది. ముందురోజు ఫోన్ చేసి, "పిన్నీ, రేపొస్తున్నా, ఒక పెట్టె నాకోసం ఉంచు" అనేదాన్ని. తెల్లారి మొదటి బండికి రేపల్లె వెళ్లేసరికి నా పెట్టె సిద్ధంగా ఉండేది. అందులో చొక్కా గుండీ అంత థర్మామీటర్ పెట్టేదాన్ని. చల్లదనం ఎక్కడ ఎంత ఉందో దారి పొడవునా అదే నమోదు చేసుకుంటుంది. పిన్ని ఇచ్చిన టీ తాగి, పెట్టెతోపాటు రైలెక్కి, తెనాలిలో దిగి తెరిచేదాన్ని.

ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. మేడం గ్రాఫు చాలాసేపు చూసింది.

"మీ రేపల్లె చేప మా ఇంట్లో ఫ్రిజ్ కన్నా చల్లగా ఉంది," అంది.

"అవునండి."

"మాది కొత్త ఫ్రిజ్." గ్రాఫు నా చేతికిచ్చింది. "ఈసారి ఫోన్ చెయ్యకుండా వెళ్లు."

వెళ్లాను. నన్ను చూడగానే పిన్ని కంగారు పడిపోయింది. "అయ్యో, చెప్పకుండా వచ్చేశావేంటమ్మా! నీ పెట్టె ఇంకా సర్దలేదే!" అంటూ అప్పటికే సర్దిన పెట్టెల్లోంచి ఐసు దోసిళ్లతో తీసి నా పెట్టెలో పోయడం మొదలుపెట్టింది.

"పిన్నీ, ఏంటిది?"

"నీ పెట్టెకి ఎప్పుడూ ఇలాగే వేస్తాగా. పరీక్షన్నావు. చేప పాడైతే నువ్వు తప్పుతావు కదమ్మా!"

తిట్టాలనిపించింది. ఎవర్ని తిట్టను? ఇన్నాళ్లూ నా పెట్టె చల్లబడింది పక్క పెట్టెల పుణ్యాన. చలికాలమంతా తిరిగిన తిరుగుడు గంగలో కలిసింది. కంపెనీలు వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఎదుటి సీటు పెద్దాయన, "ఏమ్మా, అత్తారింటి నుంచా?" అని అడిగాడు. కాదండి, ప్రాజెక్టు అన్నాను.

పాత గ్రాఫే ఇచ్చేయనా అని మేడంని అడిగాను.

"అది మీ పిన్ని ప్రేమకు గ్రాఫు. చేపది కాదు. మళ్లీ చెయ్యి."

ఈసారి పిన్ని ఇంటి దగ్గర ఏ పెట్టెనూ ముట్టుకోలేదు. రైలెక్కించబోయే ముందు, ప్లాట్‌ఫాం మీద నాకు తోచిన పెట్టె తెరిచి థర్మామీటర్ పెట్టేదాన్ని. "అంటే నామీద నమ్మకం లేదన్నమాట," అంది పిన్ని. ఆ రోజు నుంచి టీ ఇవ్వలేదు. ఎంత బాధేసిందో చెప్పలేను. ఆవిడ చేసిన తప్పల్లా నేను పాసవ్వాలని కోరుకోవడమే.

అసలు ఫలితం తేలింది. వేమూరు దాటేసరికి పెట్టెలో ఐసు నీళ్లయిపోతోంది.

"ఇన్నాళ్లు తిరిగి కనిపెట్టింది ఐసు కరుగుద్దనా?" అన్నాడు నాన్న.

"అవును నాన్నా."

"కోచింగ్ వాళ్లకి చెప్తాలే."

ఇంటర్వ్యూకి వచ్చింది బాపట్ల దగ్గరి రొయ్యల ఫ్యాక్టరీ వాళ్లు. నాకన్నా ముందు లోపలికెళ్లిన వాళ్లందరి ప్రాజెక్టులూ విజయవంతమయ్యాయట. నా ప్రాజెక్టు ఎలా వచ్చిందని నన్నూ అడిగారు.

"మొదటిసారి చేసిందంతా పనికిరాలేదండి," అని మొత్తం చెప్పాను. పిన్ని దోసిళ్లతో సహా.

వాళ్లలో పెద్దాయన నవ్వలేదు. "ఆవిడ మీద కోపమొచ్చిందా?"

"వచ్చిందండి. ఇప్పటికీ కొంచెం ఉందండి. కానీ టీ ఇస్తే పోద్దండి."

ఆయన పక్కాయన వంక చూశాడు. బయటికొచ్చి మేడంకి చెబితే తల పట్టుకుంది. నేను మనసులో బ్యాంకు కోచింగ్‌కి బ్యాగు సర్దుకున్నాను.

ఉద్యోగం వచ్చింది, ల్యాబ్‌లోనే. నాన్న కోచింగ్ వాళ్లకి ఫోన్ చేసి, "మా అమ్మాయి రావట్లేదండి, ఐసు మీద రీసెర్చి చేసింది," అన్నాడు. పిన్ని మా ఇంటికి పండుగప్ప చేప పంపింది. ఐసు మాత్రం రెండు ముక్కలే వేసింది.

మొదటి రోజు, పరీక్షకి రొయ్యలు తీసుకోవడానికి సూపర్‌వైజర్ నన్ను సరుకు దిగే చోటికి తీసుకెళ్లాడు. ఆయనది మా నాన్న వయసు. ముందు వరుసలో ఒక ట్రే మూత తీసి చూపించాడు. రొయ్యలు కనబడనంత ఐసు.

"మీరొస్తారని నిన్ననే చెప్పారండి," అన్నాడు ఆప్యాయంగా. "మొదటి రోజు కదా, ఇబ్బంది పడకూడదని."

నాకు పిన్ని దోసిళ్లు గుర్తొచ్చాయి.

"చాలా బాగుందండి, బాబాయ్‌గారూ," అన్నాను. "ఆ వెనక, గోడ పక్కనున్నది తీయండి."

"అది మీకోసం పెట్టింది కాదమ్మా."

"అందుకేనండి."