అత్తమ్మ నేర్చిన ఒక్క ఇంగ్లీషు మాట

మానవపాడు నుంచి వనపర్తికి కాపురానికి వచ్చిన కొత్తలో, నాకు ఇంగ్లీషు నేర్పాలని మా ఆయనకు సరదా పుట్టింది. ఆయన అక్కడి హైస్కూల్లో ఇంగ్లీషు పంతులు. అక్షరాలు, చిన్న మాటలు తొందరగానే వచ్చాయి. ఆ తర్వాత ఇదీ అదీ ఒకటేనని చెప్పే మాటలు అందుకున్నారు: బోత్, సిమిలర్లీ, లైక్‌వైజ్.

ఆయన వంటింటి గడప మీద కూర్చుని, కంటికి కనిపించిన వాటన్నిటినీ జత కలపమనేవారు. పెనమూ కాకీ నలుపు, మజ్జిగా సున్నమూ తెలుపు. ఒకరోజు నేను ధైర్యం చేసి, “బోత్ అత్తమ్మ అండ్ ఐ లైక్ పుంటికూర” అన్నాను.

జొన్నరొట్టె తడుతున్న అత్తమ్మ చెయ్యి ఆగింది. “ఏంది పిల్లా, నన్నేమో అంటున్నవ్?”

“నీకూ తనకూ పుంటికూర ఇష్టమంటున్నదమ్మా” అన్నారాయన నవ్వుతూ.

“గంత పొడుగు ఎందుకురా? నాది గూడ గంతే అనేటందుకు ఒక్క మాట లేదా?”

“ఉన్నది. లైక్‌వైజ్.”

ఆమె దాన్ని రెండు మూడుసార్లు నోట్లో నలిపి చూసుకుంది. ఆనాటి నుంచి నేను నడుము నొస్తుందంటే లైక్‌వైజ్, పక్కింటామె ఎండ మండుతుందంటే లైక్‌వైజ్. ఆ పక్కింటామె అదేదో మందు పేరనుకుంది పాపం.

ఇంతలో మద్రాసు నుంచి కొత్త హెడ్‌మాస్టరు, ఆయన భార్య వచ్చారు. ఆమెకు తెలుగు రాదు. ఒక ఆదివారం ఇద్దరినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచాం. అత్తమ్మ తెల్లవారకముందే లేచి పొయ్యి ముట్టించింది. చుట్టాలు తినేదాకా ఇంటి ఆడవాళ్లు మెతుకు ముట్టకపోవడం మా ఇంటి పద్ధతి. మగవాళ్లకు ముందుగదిలో వడ్డించి, హెడ్‌మాస్టరు భార్యకు వంటింట్లో పీట వేశాం.

ఆమె కూర్చుంటూ నాతో ఇంగ్లీషులో ఏదో అంది.

“ఏమంటున్నది?” అంది అత్తమ్మ.

“బాగా ఆకలైతుందంట.”

అత్తమ్మ గరిటె పట్టుకుని, ఏమీ ఆలోచించకుండా, “లైక్‌వైజ్!” అంది.

ఆమె తెల్లబోయి చూసింది. నన్ను అడిగింది, మీరింకా తినలేదా అని. లేదన్నాను. ఆమె లేచి, గోడకు ఆనించిన పీటలు రెండూ తెచ్చి తన పక్కన వేసింది. అత్తమ్మను చెయ్యి పట్టి లాగింది.

“వద్దమ్మా, మీరు తినుర్రి, మేం తర్వాత తింటం” అని అత్తమ్మ మొత్తుకుంది. ఆమె వింటేగా! మేము కూర్చునేదాకా తను కూర్చోలేదు. అత్తమ్మ సిగ్గుపడుతూనే మొదటి ముద్ద తీసుకుంది. రెండో ముద్దకు సిగ్గు పోయింది. పుంటికూర ఎట్లా కలుపుకోవాలో ఆమెకు చేత్తో చూపించింది.

సగం భోజనంలో మా ఆయన చల్ల కోసం లోపలికి వచ్చారు. ముగ్గురం వరసగా కూర్చుని తింటుంటే చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. నేను లేవబోయాను. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

“కుండ ఆడ్నే ఉన్నది, పోస్కపోరా” అంది కొడుకుతో.